ఆసుపత్రి గేటు దాటాక చెప్పే మాట

నిన్ననే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. పెద్ద జబ్బేమీ కాదు లెండి, జ్వరం వచ్చి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చి, చివరికి లేచి గ్లాసుడు నీళ్ళు తెచ్చుకునే ఓపిక కూడా లేకపోతే, మా వీధిలో ఆటో నడిపే ఆయన తీసుకుపోయి చేర్పించాడు. సెలైన్లు ఎక్కించి, మాత్రలు మింగించి, ఇక వెళ్ళొచ్చన్నారు. సంచీ భుజాన తగిలించుకుని నేనే నెమ్మదిగా బయటికి నడుస్తూ ఉంటే, ముందు బల్ల దగ్గర నీలం కోటు వేసుకున్న అమ్మాయి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, చక్కగా నవ్వుతూ, థాంక్యూ మేడం, మళ్ళీ రండి, అంది. బట్టల కొట్లో చీర కొన్నవాళ్ళతో ఎలా అంటారో అచ్చం అలాగే అంది. పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పల్లెటూరి పెద్దాయన ఉలిక్కిపడి, "ఏందప్పా, ఈడికి మళ్ళా రమ్మంటాది ఈ పాప" అని గొణుక్కుంటూ తలపాగా సర్దుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఆ అమ్మాయి ఫోను నా ముందుకు చాపి, మా సేవ ఎలా ఉందో ఒక నవ్వు మొహం బొమ్మ నొక్కమంది. నొక్కాను. పిల్ల తప్పేముంది, ఎవరో నేర్పారు, ఆమె నేర్చుకుంది. ఒకప్పుడు అలాంటి పిల్లలకి నేర్పిన దాన్నే కాబట్టి, ఆటోలో ఇల్లు చేరేదాకా నాకు పాత రోజులే కళ్ళ ముందు ఆడాయి.

నేను ఈ జిల్లా దాన్ని కాను. మాది తెనాలి వైపు, ఇంటి వెనకే కాలవ, అడుగు వేస్తే బురద. నర్సింగు స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం అనంతపురం దగ్గర వచ్చిందంటే, అక్కడ తాగడానికి నీళ్ళుంటాయా అని మా అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఉండేవి, ట్యాంకరు వచ్చిన రోజున. పెళ్ళి సంగతి అడగకండి, వయసులో కుదరలేదు, తర్వాత కుదిరినా నాకు ఇష్టం లేకపోయింది. ఆసుపత్రి ప్రహరీ లోపలే స్కూలు, ఆ ప్రహరీ లోపలే పిల్లల హాస్టలు, హాస్టలు చివర ఒక గదీ వంటిల్లూ నాకు. కిటికీ తీస్తే ఎర్రమట్టి, ఆ మట్టిని ఎత్తుకొచ్చి నా అన్నం గిన్నెలో పోసే గాలి. రెండేళ్ళు ఉండి బదిలీ చేయించుకుందామనుకున్న దాన్ని, ఉద్యోగం అయిపోయేదాకా ఇక్కడే ఉన్నాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నా ఈడు వాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. గడప దాటే మనిషి వెళ్ళొస్తానని చెప్పాలి, ఇంట్లో ఉన్న మనిషి వెళ్ళి రా అనాలి. మా నాన్న పొలం వెళ్ళేటప్పుడు చెప్పడం మరిచిపోతే వీధి మొగ నుంచి వెనక్కి వచ్చి చెప్పి పోయేవాడు. చెప్పకుండా పోవడమంటే మా ఇంట్లో అలిగి పోవడమే. అలా పెరిగిన నాకు ఆ స్కూలు ఆసుపత్రిలో ఒక సంగతి ముల్లులా గుచ్చుకునేది. వారాల తరబడి మా చేతుల మీద బతికిన రోగులు, మాతో నవ్విన వాళ్ళు, ఏడ్చిన వాళ్ళు, వాళ్ళింటి గొడవలన్నీ మాకు చెప్పుకున్న వాళ్ళు, డిశ్చార్జి అయిన రోజున మూట చంకన పెట్టుకుని చూపు తిప్పుకుని చరచరా వెళ్ళిపోయేవాళ్ళు. వస్తామమ్మా అని ఒక్క మాట ఉండేది కాదు. ఈ నేల లాగే ఈ మనుషులూ గట్టివాళ్ళు కాబోలు, ఎంత పోసినా పైకి తడి కనపడదు, అనుకుని నా గదికి పోయి అన్నం వండుకునేదాన్ని.

కొన్నేళ్ళకి పైనుంచి కొత్త పాఠం ఒకటి వచ్చింది. రోగి ఆచారాలు తెలుసుకునే ముందు నర్సు తన ఆచారాలు, నమ్మకాలు, ఇష్టాయిష్టాలు తాను పరీక్షించుకోవాలట. పాఠం మంచిదే. దానితో పాటు పంపిన అచ్చు ప్రశ్నలు చూస్తేనే ఆవలింత వచ్చింది. మీ సంస్కృతిని వర్ణించుము, మీ దురభిప్రాయాలను పేర్కొనుము, అని ఉండేవి. ముందు బల్ల పిల్ల రాసింది, వెనక బల్లల దాకా అందరూ అదే దింపారు, నాకు తెలియదనుకున్నారు పాపం. ఒకమ్మాయి మాత్రం లేచి నిజాయితీగా, మాకేం ఆచారాలు లేవు మేడం, ఆచారాలన్నీ పేషెంట్లకే ఉంటాయి, అంది. క్లాసంతా తలూపింది. ఆ మాటకి నేను పడీ పడీ నవ్వి, ఆ కాగితాలు పక్కన పడేసి, పుస్తకం పెన్ను లేకుండా కూర్చోమన్నాను. ఈ వారం వార్డులో మీకు ఎవరి మీద కోపం వచ్చిందో అది చెప్పండి చాలు అన్నాను. కోపమైతే అందరి దగ్గరా ఉంది. ఆ కోపం కింద తవ్వుకుంటూ పోతే, ఎవరికి వాళ్ళకి వాళ్ళ ఇల్లు బయటపడేది. పిల్లలు దానికి కోపం క్లాసు అని పేరు పెట్టారు.

ధర్మవరం నుంచి వచ్చిన మగ్గం వాళ్ళ పిల్లకి రోగి చుట్టూ పదిమంది బంధువులు చేరి కబుర్లు చెప్పుకుంటూ ఉంటే ఒళ్ళు మండేదట. మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తారే అంటే, తలుపు దగ్గరికి వేసి ఒంటరిగా పడుకోబెడతాం, నాయన మగ్గం కూడా ఆపుతాడు, అంది. పక్కపిల్లేమో, మా ఇంట్లో ఒంటరిగా పడుకోబెడితే వాళ్ళు బతకరని వదిలేసినట్టు లెక్క, అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు కొత్తగా చూసుకున్నారు. అన్నీ ఇంత తేలిగ్గా తెమిలేవని కాదు. ఒక రోగి తన పళ్ళెంలోంచి సంగటి ముద్ద తుంచి, ఊరిబిండి పచ్చడి అద్ది, తినమ్మా అని చెయ్యి చాపితే ఒక పిల్లకి కోపం వచ్చిందట. తవ్వగా తవ్వగా, మా ఇంట్లో వాళ్ళ చేతిది తినం మేడం, అని తల దించుకుంది. ఆ వాళ్ళు అన్న మాటలోకి వచ్చే ఇంటి పిల్ల అదే బల్ల మీద ఆమె పక్కనే కూర్చుని ఉంది. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఈ జిల్లాలో బోరు వేయించిన వాళ్ళని అడగండి, తవ్విన చోటల్లా నీళ్ళు పడవని చెబుతారు.

ఇక పామిడి అమ్మాయి సంగతి. ఆమె గురించి చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను. పామిడిలో నైటీలు కుట్టే ఇంటి పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ, వాళ్ళ మాటలో జేజి, పెంచింది, స్కూల్లో చేరే ముందు ఏడాది ఆ జేజి కూడా పోయింది. తండ్రికి పిల్లని చదివించడం ఇష్టం లేదు, ఎప్పుడు వెనక్కి వస్తే అప్పుడు కుట్టు మిషను దగ్గర కూర్చోబెట్టి, ఆ తర్వాత ఎవరికో ఒకరికి ఇచ్చి చేయాలని కాచుకుని ఉన్నాడు. ఆ పిల్ల వార్డులో ఉన్నప్పుడే బత్తలపల్లె దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వని తెచ్చి చేర్చారు. మేకలు కాసుకునే మనిషి, చక్కెర జబ్బు, కాలికి పుండు. ఆ వాసనకి పక్క మంచాల వాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మన పామిడి పిల్ల మాత్రం డ్యూటీ ఉన్నా లేకపోయినా పోయి ఆ పుండు కడిగేది, కట్టు కట్టేది, తల దువ్వి ముడి వేసేది. అవ్వ కూడా ఆమె వస్తేనే తినేది. వేరే పిల్ల కట్టు విప్పబోతే కాలు ముడుచుకుని పడుకునేది. పోయిన జేజి దొరికిందనుకుందో ఏమో పిల్ల, మొహంలో కళ వచ్చింది. నేను దూరం నుంచి చూసి, మరీ అంత దగ్గర కావద్దని చెబుదామనుకుని, చెప్పబుద్ధి కాక ఊరుకున్నాను.

పుండు మానింది. డిశ్చార్జి అన్న రోజున పిల్ల పొద్దున్నే తలంటుకుని, హాస్టలు వెనక కనకాంబరాలు కోసి మాల కట్టి, గేటు దగ్గర నిలబడింది. అవ్వ కొడుకు భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. పిల్లని చూసింది. చూసి, కొంగు ముందుకు లాక్కుని, మొహం అటు తిప్పుకుని, ఒక్క మాట లేకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. వరండాలో నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. ఆ పిల్ల చేతిలో మాల అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది. నేను వెళ్ళి మంచం మీద కూర్చుంటే, ఏడుపు లేదు ఏమీ లేదు, బట్టలు మడత పెడుతూనే చెప్పింది. "ఈ పని నాకొద్దు మేడం. దినామూ పుండు కడిగితి, తల దువ్వితి. ఒక మాటన్నా చెప్పకుండా పాయ." ఆమెని ఏమని ఆపను? నాకూ అదే బాధ కదా, ఎన్నేళ్ళుగానో ఉన్న బాధ. ఇక్కడి మనుషులు ఇంతేనమ్మా, గుండె రాయి చేసుకో, అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆ పిల్ల మర్నాడు బస్సెక్కుతుంది, మిషను ముందు కూర్చుంటుంది. పోయేదానివి ఎలాగూ పోతావు, రేపు కోపం క్లాసు ఉంది, నీ కోపం చెప్పి పో, అని మాత్రం అన్నాను.

మర్నాడు క్లాసులో చెప్పింది. అందరూ ఉసూరుమన్నారు. నేను ఎప్పుడూ అడిగేదే అడిగాను, మీ ఇంట్లో ఎలా అని. ఎవరు గడప దాటినా పోయొస్తామని చెప్పేదే మేడం, అంది. చెప్పకుండా వెళ్ళడమనేది మీ వైపు అసలు లేనే లేదా అన్నాను. లేదనబోయి ఆగింది. జబ్బు మనిషిని చూసిన ఇంట్లో చెప్పం, చావింట్లో చెప్పం, అంది నెమ్మదిగా. చెబితే ఆ ఇంటికి మళ్ళీ అలాంటి పని మీదే రావలసి వస్తుందట.  చివరి బల్ల నుంచి ఒక గడుగ్గాయి, "మరి ఇది జబ్బిల్లు కాక ఏందే?" అంది.

పామిడి పిల్ల సంగతి సరే, నా మతి ఏమైందో చెప్పండి. మా నాన్న పోయినప్పుడు ఊరు ఊరంతా మా ఇంటికి వచ్చి, ఒక్కరూ వెళ్ళొస్తామని చెప్పకుండా వెళ్ళారు. ఆ రోజు నాకు కోపం రాలేదు, చెప్పి ఉంటేనే వచ్చేది. తెలిసిన పద్ధతే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన పద్ధతే. కాకపోతే నేను ఉన్నది ఆసుపత్రి లోపల. వాళ్ళకి అది జబ్బిల్లు, నాకు ఇల్లు. నా పొయ్యి అక్కడ, నా మంచం అక్కడ, నా ఇంటికి వచ్చిన వాళ్ళు చెప్పకుండా పోతున్నారని నేను కుమిలిపోయాను. ఆ పిల్లకి కూడా జేజి పోయాక అదే ఇల్లయింది.

తెలిసినంత మాత్రాన పిల్ల మనసు కుదుట పడలేదు. అది మనం అనుకునే మాట మేడం, ఆయమ్మకి నిజంగా ఏముండాదో మనకేం తెలుసు, అంది. అదీ సబబే. ఆదివారం నాడు ఇద్దరం బస్సెక్కి బత్తలపల్లెలో దిగి, అక్కడి నుంచి బుడ్డల చేలకి, అదే వేరుశనగ చేలకి, అడ్డంపడి నడిచాం. ఆ ఏడు వాన లేక చెట్టు జానెడు కూడా లేవలేదు. అవ్వ పాక ముందు కాలు చాపుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, రెండు చేతులూ చాపింది. పిల్ల పోయి ఆ చేతుల్లో పడింది. నేను మేకపిల్లల వంక చూస్తూ నిలబడ్డాను.

అడగాల్సిన మాట పిల్ల అడగలేదు, నేనే అడిగాను. అవ్వ నావైపు, చదువుకున్న దానికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని చెప్పింది. "ఆడ ఎట్ల చెప్తాను అమ్మీ? ఆసుపత్రిలో పోయొస్తానంటే అది మళ్ళా పిల్చుకుంటాది. నీ మొగం చూసింటే నా నోరు ఊరుకునేది కాదు, అనేసుంటా. దానికే కొంగు కప్పుకుంటి." పిల్ల అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల ఏడుపూ అప్పుడే ఏడ్చింది. మాకు సంగటి పెట్టారు, తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు అవ్వ వద్దంటే వినకుండా కర్ర ఊతంతో కంచె దాకా వచ్చి, పోయిరాండి, మళ్ళా రాండి, అని మేము మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది. పిల్ల కూడా వెనక్కి నడుస్తూ, పోయొస్తా అవ్వా, పోయొస్తా, అని అరుస్తూనే ఉంది. బస్సులో నా భుజం మీద తలపెట్టి పడుకుంది. హాస్టలుకి వచ్చి పెట్టె విప్పి బట్టలు మళ్ళీ అలమరలో పెట్టుకుంది.

చదువు పూర్తయింది, బెంగళూరులో ఉద్యోగం దొరికింది. వెళ్ళే రోజున పెట్టె తీసుకుని నా గదికి వచ్చి, ఒక నిమిషం బయటికి రాండి మేడం, అని నా చెయ్యి పట్టుకుంది. ఏమిటే అంటున్నా ఆగకుండా వరండా దిగి, వార్డులు దాటి, గేటు దాటి, రోడ్డు కూడా దాటించి, అవతల బస్సుల కోసం వేసిన రేకుల నీడలోకి తీసుకుపోయి నిలబెట్టింది. అక్కడ నా కాళ్ళకి దండం పెట్టి, లేచి, "ఇప్పుడు చెప్తాను మేడం. పోయొస్తా" అంది. ఆ ఊళ్ళో కాపురం పెట్టిన అన్నేళ్ళలో నాతో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. పోయి రా తల్లీ అన్నాను. బస్సు వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆ రేకుల నీడలోనే కూర్చున్నాను, గదికి తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆ ఉద్యోగమూ లేదు, ఆ గదీ లేదు. ఊళ్ళో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నాను. తెనాలి వైపు పోదామంటే అక్కడ నన్ను గుర్తుపట్టే వాళ్ళు తగ్గిపోయారు, ఇక్కడేమో నా మాట వినగానే మీది ఏ ఊరు మేడం అని ఇప్పటికీ అడుగుతారు. కోపం క్లాసు నాతోనే పోయింది. ఆ పాఠం ఇప్పుడు కంప్యూటరులో ఉందట, గళ్ళు నొక్కుతూ పోతే చివర మార్కులు కూడా అదే వేస్తుందట. మనుషులు కూడా మారారు లెండి. ఫోనులో బై అంటారు, కొందరు అదీ అనరు, మాట మధ్యలో పెట్టేస్తారు. పామిడి అమ్మాయి మాత్రం ఆదివారాలు ఫోను చేస్తుంది. ఆమెకి సంసారం, పిల్లలు, డ్యూటీలు. వచ్చి చాలా ఏళ్ళయింది, వస్తానంటుంది, రాలేదు, నేను అడగను. కానీ ఫోను పెట్టేసే ముందు ఏనాడూ బై అనలేదు. పోయొస్తా మేడం అనే అంటుంది, నేనేమో పోయి రా అంటాను, ఇద్దరం ఎక్కడి వాళ్ళం అక్కడే ఉంటాం.

మొన్న నేను ఆసుపత్రి మంచం మీద ఉండగా చేసింది. జ్వరం గొంతు గుర్తుపట్టి, ఎవరున్నారు దగ్గర అని అడిగింది. ఉన్నారులే అన్నాను. మందుల పేర్లు అడిగింది, నీళ్ళు బాగా తాగమని మందలించింది, నాకే నర్సు పాఠాలు చెప్పింది. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. ఇక ఆ మాట అంటుందని, బదులు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కాసేపు ఊపిరి మాత్రం వినిపించింది. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది. చెవి దగ్గర అలాగే పెట్టుకుని ఉన్నాను, ఒక్క క్షణం నాకు కోపం కూడా వచ్చింది. వెంటనే అర్థమైంది, కొంగు కప్పుకుని మొహం తిప్పుకున్న అవ్వ గుర్తొచ్చింది. పిల్ల మరిచిపోలేదు. నేను ఉన్నది ఎలాంటి చోటో తెలుసు కాబట్టే నోరు బిగబట్టుకుంది. నేను నేర్పిన పాఠమే, సరిగ్గా అప్పజెప్పింది. అయినా సరే, చుట్టూ అందరి మంచాల దగ్గరా మనుషులు కూర్చుని ఉన్న ఆ వార్డులో, ఆ ఒక్కసారికి ఆమె పాఠం తప్పి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

ఇంటికి వచ్చి తాళం తీశాను. వచ్చావా అనడానికి ఎవరూ లేరు, అది కొత్తేమీ కాదు. ఆమెకి ఇంకా చెప్పలేదు ఇల్లు చేరానని. చెప్పాలి. ఇది జబ్బిల్లు కాదే, నా ఇల్లే, ఒళ్ళు కూడా కుదుట పడింది, అని చెబితే, అప్పుడు అంటుంది. ఆమె రాదని నాకు తెలుసు. అయినా ఆదివారం దాకా ఆగలేక ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.